ఖాళీ గోడ మీద కాగితం

ప్రారంభోత్సవం ఇంకా రెండు రోజులుందనగా, సంహిత కూర్చిన ప్రదర్శనలోంచి ఒక కళాకృతిని కాలేజీ డైరెక్టరు దింపించేశాడు.

సంహిత ఆధునిక కళాచరిత్రలో ఎం.ఏ. రెండో ఏడు చదువుతోంది. ప్రదర్శన కూర్చడం కూడా ఆ చదువులో భాగమే. ఎవరి కళాకృతులు తేవాలి, ఏది దేని పక్కన పెట్టాలి, గోడ మీద ఏం రాయాలి, అన్నీ విద్యార్థే తేల్చుకోవాలి. అదే ఆఖరి పరీక్ష. దానికోసం ఆమె ఏడాది పాటు జిల్లాలు తిరిగి ఎనిమిది మంది దగ్గర్నుంచి కళాకృతులు తెచ్చింది.

దింపేసింది ఆరెపల్లి లస్మయ్య చేసినదాన్ని. ఆయన జనగామ దగ్గర ఒక సర్కారు బడిలో డ్రాయింగు మాస్టరు. తండ్రి చెప్పులు కుట్టేవాడు. లస్మయ్య పదకొండేళ్ళు జనం పారేసిన చెప్పుల అడుగులు ఏరి, కడిగి, ఆరబెట్టి, మైనం పట్టించిన దారంతో ఒకదానికొకటి కుట్టాడు. అది పన్నెండడుగుల వెడల్పు తేలింది. దూరం నుంచి చూస్తే ఎండిన చెరువు నేలలా ఉంటుంది. దగ్గరికెళ్తే ఒక్కోదాంట్లో ఒక్కో మడమ గుంట, వేళ్ళ అచ్చులు. దానికి ‘పెద్దబాట’ అని పేరు పెట్టుకున్నాడు. సంహిత దాన్ని తలుపుకి ఎదురుగోడ మీద కట్టించింది.

"ముఖ్య అతిథి లోపల అడుగు పెట్టగానే మొహానికి చెప్పులా?" అన్నాడు డైరెక్టరు.

"అవి చెప్పులు కావు సార్."

"మరేంటి?"

సంహిత చెప్పడం మొదలుపెట్టింది. ఆయన వినలేదు. ఇద్దరు అటెండర్లు నిచ్చెన వేసి పట్టుకు లాగారు. పైవరస కుట్లు పటపటా తెగాయి. దాన్ని చుట్ట చుట్టి మెట్ల కింద పడేశారు.

"ఇది నా పరీక్ష సార్. ఇందులో మీరు చెయ్యి పెట్టకూడదు."

"పరీక్ష కమిటీలో నేనూ ఉన్నానమ్మా," అని ఆయన నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ నవ్వుకి సంహిత ఒళ్ళు మండిపోయింది. హాస్టలుకి పరిగెత్తి ఒక్క ఊపున రెండు పేజీల విజ్ఞప్తి రాసింది. ఫోటోలు పెట్టింది. పత్రికలవాళ్ళకి పంపింది. అన్నం తినలేదు. డిపార్టుమెంట్ల చుట్టూ తిరిగి సంతకాలు తెచ్చింది. సాయంత్రానికి మూడొందలు దాటాయి. ప్రదర్శన రద్దు చేసేద్దాం, గేటు దగ్గర కూర్చుందాం అని నలుగురూ అంటుంటే ఆమె గొంతు ఇంకా పెరిగింది.

ఐదున్నరకి సంహిత సుగుణమణి మేడమ్ గదికి వెళ్ళింది.

మేడమ్ ఆమె గైడు. ఇంకో ఏడాదిన్నరలో రిటైరవుతారు. ఎవరి మీదా గొంతు ఎత్తగా ఎవరూ వినలేదు. కిటికీ దగ్గర కూర్చుని ఎవరిదో థీసిస్ దిద్దుతున్నారు.

"మీరు సంతకం చెయ్యాలి మేడమ్."

మేడమ్ కళ్ళజోడు సవరించుకుని రెండు పేజీలూ చదివారు. పైన పెద్ద అక్షరాలతో ‘గొంతులేనివాళ్ళ గొంతు నొక్కేశారు’ అని ఉంది. చదివి, కాగితాలు మడిచి, బల్ల మీద పెట్టారు.

"లస్మయ్య గారేమన్నారు?"



"ఆయనకింకా చెప్పలేదు మేడమ్. తెలిసే ఉంటుంది. అందరూ షేర్ చేస్తున్నారు కదా."

మేడమ్ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే సంహితని ఇంకా రెచ్చగొట్టింది.

"ముందు ఇక్కడ కొట్లాడాలి కదా! ఒక్కదాన్నే ఎన్నని చూసుకోను? మీకేం మేడమ్, మీకసలు కోపమే రాదు. ముప్పై ఏళ్ళుగా ఇక్కడున్నారు. ఇలాంటివెన్ని చూసి ఊరుకున్నారో!"

మేడమ్ తన ఫోన్ తీశారు. నంబరు వెతికి నొక్కారు. అవతల ఎత్తగానే, "లస్మయ్య గారూ, నేను సుగుణమణిని. మా అమ్మాయి మీతో మాట్లాడుతుంది," అని ఫోన్ సంహిత చేతిలో పెట్టారు. లేచి బయటికెళ్ళి తలుపు దగ్గరికి వేశారు.

సంహిత చెప్పింది. మూడొందల మంది ముందు ధారాళంగా వచ్చిన మాటలు ఇప్పుడు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. దింపేశారని, కుట్లు తెగాయని, మెట్ల కింద ఉందని.



"ఎప్పుడు దించిన్రు?"

"పొద్దున సార్. పదింటికి."

"ఇప్పుడెంతయింది?"

సంహిత గోడ గడియారం చూసింది. "ఐదూ నలభై."

"మంచిది," అన్నాడు లస్మయ్య. ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికల్లా లస్మయ్య వచ్చేశాడు. పొట్టి మనిషి, ఇస్త్రీ చొక్కా, భుజానికి రెగ్జిన్ సంచి. సంహిత ఎదురెళ్ళి నమస్కారం పెట్టింది. ఆయన పట్టించుకోకుండా తిన్నగా మెట్ల దగ్గరికి వెళ్ళి, వంగి, చుట్టని బయటికి లాగాడు. దాని మీద ఎవరో తడి తుడుపుగుడ్డ ఆరేసి వెళ్ళారు.

ఆ గుడ్డని రెండు వేళ్ళతో తీసి పక్కన పెట్టాడు. చుట్ట విప్పి తెగిన కుట్ల వెంట వేలు పోనిచ్చాడు. దవడ బిగుసుకుంది.

"సార్, వదిలిపెట్టం సార్. మూడొందల ముప్పై మంది సంతకాలు పెట్టారు. ఈరోజు గేటు దగ్గర..."

"నిన్న పదింటి సంది పొద్దుమీకే దాంక మూడొందల ముప్పై మందికి చెప్పినవ్," అన్నాడు లస్మయ్య, తల ఎత్తకుండా. "అండ్ల నేనెన్నోవాణ్ణి?"



"ఏం రాసినవో సదువు."

ఆమె కాగితాలు తీసి చదివింది. వలసానంతర దృశ్య వ్యవస్థ, అణగారిన దేహాల మౌనసాక్ష్యం, గొంతులేనివాళ్ళ గొంతు. నిన్నంతా నిప్పులా ఉన్న వాక్యాలు ఆయన ముందు నాలుకకి అడ్డం పడ్డాయి.

"ఆగు," అన్నాడు లస్మయ్య. "ఎవలకు లేదు గొంతు? ఇరవయ్యారేండ్ల సంది బడిల పాఠం చెప్తున్న. నేనొర్రితే మూడు రూములకు ఇనపడ్తది. మా నాయిన అంగట్ల కూసొని మొత్తుకుంటే బస్టాండు దాంక ఇనపడేది. నా దగ్గర ఫోనున్నది. ఆ ఫోన్ల నీ నంబరున్నది, నీ దాంట్ల నాదున్నది. గొంతు లేదంటవేంది?"

"అలా అని కాదు సార్, నా ఉద్దేశం..."

"నీ కొట్లాటకు నా చెప్పులు గావాలె. నేను అక్కరలేదు." ఈసారి తలెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు. "నా పేరు తీసెయ్ అండ్లకెళ్ళి."

సంహిత మొహం ఎర్రబడింది. తను ఎవరికోసం తిండి మానేసిందో ఆయనే ఇలా అంటున్నాడు. తన ఏడాది చదువు, తన డిగ్రీ, అన్నీ పణంగా పెట్టింది. ఆమెకి లస్మయ్య మీద పట్టలేనంత కోపం వచ్చింది. అప్పుడే వచ్చి నిలబడిన మేడమ్ వైపు చూసింది, ఏదైనా ఒక మాట అంటారేమోనని. మేడమ్ పర్సులోంచి పెన్ను తీసి ఆమెకి అందించారు.

సంహిత కాగితం మీద లస్మయ్య పేరు ఉన్నచోటల్లా కొట్టేసింది. ఆరు చోట్ల ఉంది. కొట్టేశాక చూస్తే ఆ రెండు పేజీల్లో మిగిలిందంతా ఆమె మాటలే.

"డైరెక్టరు రూమ్ ఎటు?" అని అడిగాడు లస్మయ్య.

"నేనూ వస్తాను సార్."

ఆయన జవాబివ్వకుండా నడిచాడు. సంహిత వెంట పడబోయింది. మేడమ్ ఆమె మోచెయ్యి పట్టుకున్నారు. మెల్లగా కాదు, గట్టిగా.

ఇద్దరూ వరండాలో నిలబడ్డారు. పది నిమిషాలు డైరెక్టరు గొంతే వినిపించింది. తర్వాత లస్మయ్య గొంతు వినిపించింది. ఆయన అబద్ధం చెప్పలేదు. మూడు గదులకి వినపడింది. ఆఫీసులో టైపు చేస్తున్న గుమాస్తా చేతులు ఆపేసి కూర్చున్నాడు.

బయటికొచ్చాక లస్మయ్య జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ముఖ్య అతిథి వచ్చిపోయినంక ఎక్కిస్తరట. ఎదురంగ కాదు, నీళ్ళ డ్రమ్ము పక్కన. వద్దన్న. ఆయనున్నప్పుడు ఎక్కిస్తె ఎక్కియ్యి, లేకుంటె లేదన్న. కుదరదన్నడు. తీస్కపోత."

"అయితే ప్రదర్శనే రద్దు చేసేస్తాను సార్!"

"ఎందుకు? మిగిలినోళ్ళ బొమ్మలేం జేసినయి నిన్ను? ఆ సిద్దిపేట ముసలామె నిన్ను నమ్మి తన బొమ్మ ఇచ్చిందన్నవ్. ఆమెనడిగినవా?"

అడగలేదు. సంహిత కింది పెదవి కొరుక్కుంది.

తెగిన కుట్లతో బస్సులో వేస్తే మొత్తం ఊడిపోతుందని లస్మయ్య హాల్లోనే నేల మీద కూర్చున్నాడు. సంచిలోంచి దారం ఉండ, మైనం ముక్క, చెప్పులు కుట్టే ఆర తీశాడు. మేడమ్ చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆయనకి ఎదురుగా కింద కూర్చున్నారు. అడుగులు జారిపోకుండా రెండు చేతులతో అదిమి పట్టుకున్నారు. సంహిత కాసేపు గోడకి ఆనుకుని నిలబడింది. తర్వాత వచ్చి రెండో పక్క పట్టుకుంది.

ఆర తోలులోకి దిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక చిన్న పిల్ల చెప్పు అడుగు సంహిత బొటనవేలి కింద ఉంది. దాని మడమ దగ్గర ఒక మేకు గుచ్చుకున్న కంత. ఆ మేకు ఆ పిల్లకి ఎన్నిసార్లు దిగి ఉంటుందో. ఏడాదిగా ఈ పెద్దబాట గురించి రాస్తోంది, ముప్పై పేజీలు రాసింది. ఈ కంత చూడలేదు.

కుట్లు సగం అయ్యాక లస్మయ్య అడిగాడు. "ఆ గోడ మీద ఏం పెడుతున్రు?"

"ఏదో పూలకుండీ అంటున్నారు."

"వద్దు. కాగితం పెట్టు. రాసుకో."

సంహిత నోటుపుస్తకం తీసింది.

"పెద్దబాట. అరిగిన చెప్పుల అడుగులు, మైనపు దారం. చేసినవాడు ఆరెపల్లి లస్మయ్య, డ్రాయింగు మాస్టరు. ఈ గోడ మీద ఉండె. డైరెక్టరు దింపించిండు. చేసినవాడు తీస్కపోయిండు."

ఆమె రాసి, పెన్ను పట్టుకుని ఎదురుచూసింది.

"అంతే. ఇంకేమొద్దు. కింద నీ పేరు పెట్టు."

"నా పేరా?"

"ఈ బొమ్మలన్నీ ఇట్ల పెట్టిందెవరు?"

"నేనే."

"మరి రాసిందెవరో తెల్వద్దా?"

విజ్ఞప్తి మీద మూడొందల ముప్పై పేర్లున్నాయి. అందులో తన పేరు ఎక్కడో మధ్యలో ఉంది, చివర ‘విద్యార్థిలోకం’ అని ఉంది. ఇక్కడ ఒక్క పేరే ఉంటుంది. పరీక్ష కమిటీలో నేనూ ఉన్నానమ్మా అన్న ఆ నవ్వు గుర్తొచ్చింది. సంహిత మేడమ్ వైపు చూసింది. మేడమ్ తోలు మీంచి చూపు తిప్పలేదు.

సంహిత తన పేరు రాసింది. ఇంటిపేరుతో సహా.

మధ్యాహ్నం బస్సుకి లస్మయ్య వెళ్ళిపోయాడు. చుట్టని భుజాన వేసుకుని, ఎవరు సాయం పట్టబోయినా వద్దన్నాడు. బస్సెక్కేముందు మాత్రం సంహితతో, "ఫోన్ చెయ్," అన్నాడు. అది కోపంగానే అన్నాడు.

ఆ రోజే ఆమె మిగతా ఏడుగురికీ ఫోన్ చేసింది. ఇద్దరు తమవి వెనక్కి ఇచ్చెయ్యమన్నారు. ఇచ్చేసింది. ఐదుగురు ఉండనిమ్మన్నారు. సిద్దిపేట ముసలామె, "ఆ గోడకు దగ్గర్ల పెట్టు నాది," అంది.

ప్రారంభోత్సవం రోజు తలుపుకి ఎదురుగా పన్నెండడుగుల తెల్లగోడ, దాని మధ్యలో జానెడు కాగితం. ముఖ్య అతిథి జ్యోతి వెలిగించి నేరుగా అక్కడికే నడిచాడు. కళ్ళజోడు పెట్టుకుని పూర్తిగా చదివాడు. డైరెక్టరు చేతిలో శాలువా నలిగింది.

"ఓహో," అన్నాడు ముఖ్య అతిథి. పక్క బొమ్మ దగ్గరికి వెళ్ళిపోయాడు.

అంతే. ఆయన ఉపన్యాసంలో కళ గురించి చాలా మంచి మాటలు చెప్పాడు. సమోసాలు పంచారు. సంహిత వరండా స్తంభం వెనక నిలబడి పళ్ళు బిగించి ఏడ్చింది.

మర్నాడు పొద్దున వచ్చేసరికి కాగితం లేదు. చింపేశారు. గోడ మీద గోళ్ళతో గీకిన గుర్తులున్నాయి. ఆమె ఇంకోటి ప్రింటు తీసి టేపుతో అంటించింది. మధ్యాహ్నానికి అదీ లేదు. మళ్ళీ పెట్టింది. మూడోరోజు ఆమె పేరున మెమో వచ్చింది, గోడల మీద అనుమతి లేని కాగితాలు అంటించినందుకు మార్కులు ఎందుకు తగ్గించకూడదో మూడు రోజుల్లో రాతపూర్వకంగా చెప్పమని. దాని నకలు గైడుకి కూడా వెళ్ళింది.

నాలుగోరోజు వచ్చేసరికి గోడకి కొత్తగా సున్నం కొట్టేసి ఉంది. ఇంకా ఆరలేదు. టేపు నిలవలేదు. పెట్టిన కాగితం పెట్టినట్టే జారి కింద పడింది. రెండోసారీ జారింది. మూడోసారి ఆ కాగితాన్ని ఉండ చుట్టి గోడకేసి కొట్టింది సంహిత. ప్రదర్శన ఇంకా ఆరు రోజులుంది. నేలని తన్నుతున్నట్టు నడుస్తూ డిపార్టుమెంటుకి వెళ్ళి మేడమ్ గది తలుపు తోసింది.

"ఇప్పుడే వెళ్ళి అడుగుతాను మేడమ్! అందరి ముందూ, ఆయన గదిలోనే! ఏం చేస్తారో చెయ్యనివ్వండి! ఇంక నావల్ల..."

ఆగిపోయింది.

కిటికీ పక్కన, టీ కాచుకునే కరెంటు పొయ్యి మీద ఒక స్టీలు గిన్నె ఉంది. మేడమ్ కొంగు నడుముకి బిగించుకుని అందులో గరిటె తిప్పుతున్నారు. గిన్నెలో చిక్కటి మైదా జిగురు ఉడుకుతోంది. గదంతా ఆ వాసన. పక్కన బల్ల మీద థీసిసులన్నీ జరిపేసి, ఒక కట్ట కాగితాలు పేర్చి ఉన్నాయి. పెద్దబాట. అరిగిన చెప్పుల అడుగులు, మైనపు దారం. అన్నీ అదే కాగితం, అంగుళం మందాన ఉన్నాయి. కింద సంహిత పేరు, దాని కింద సుగుణమణి అని, పెన్నుతో, ఒక్కో కాగితం మీదా విడిగా చేసిన సంతకం. సంహిత పైది తీసి చూసింది. దాని కిందది చూసింది. ఆ కిందది చూసింది.

మేడమ్ స్విచ్చి కట్టేశారు. డైరెక్టరు పంపిన మెమో నకలు బల్ల మీద పరిచి, ఉడుకుతున్న గిన్నెని పట్టకారుతో ఎత్తి దాని మీద దించారు.

సంహిత ఒక్క అడుగు ముందుకేసి గరిటె అందుకోబోయింది.

"చల్లారనీ," అన్నారు మేడమ్. "వేడిమీద అంటిస్తే కాగితం ముడతలు పడుతుంది."